కడిగితే పోయేది కాదు

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి ఫోనులో ధైర్యం చెప్పడం నా ఉద్యోగంలో సగం. "కంగారుపడకండి, గాలి ఆడుతుంది, లిఫ్టు పడిపోదు, తలుపులు మీరు లాగకండి, వచ్చేస్తున్నా" అని ఎప్పుడూ ఒకటే పాట. మిగతా సగం నిజంగా వెళ్లి వాళ్లని బయటికి తియ్యడం. ఈ పనిలోనే జుట్టు నెరిసింది. గొంతు వినగానే ఎవరు ఏడుస్తారో, ఎవరు తిడతారో, ఎవరు జోకులేసి భయం దాచుకుంటారో చెప్పేస్తాను. నేను ఏ రకమో మాత్రం తెలియదు. ఇరుక్కునేవాడు వేరు, తీసేవాడు వేరు అనుకునేవాణ్ణి.

మోకాళ్ల దగ్గర మొదలైంది. లిఫ్టు పని నీడపట్టున నిలబడి చేసేది కాదు. అడుగున గుంటలోకి దిగాలి, ఇనుప మెట్లు ఎక్కాలి, మేడ మీద మోటారు గదిలో గొంతుక్కూర్చోవాలి. పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు. స్క్రూడ్రైవరు పట్టుకుంటే మణికట్టు నాది కానట్టు ఉండేది. పెద్దాసుపత్రిలో చూసినాయన ఇది కీళ్లవాతంలో ఒక రకమనీ, మందు నెలల తరబడి వాడాలనీ, గుణం నిదానంగా కనిపిస్తుందనీ చెప్పాడు. నిదానం నా ఒంట్లో లేదు. ఎవరో చెబితే విని పొట్లాల పెద్దాయన దగ్గరికి పోయాను.

ఆయన గది బస్టాండు వెనక సందులో ఉండేది. తెల్లటి గడ్డం, మెత్తటి మాట, ముందర గోధుమరంగు పొడి పొట్లాల కుప్ప.

"ఆకులూ వేళ్లూ, అంతే నాయనా. ఇంగ్లీషు మందు రవ్వంత కూడా లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకో. ఎప్పుడు మానెయ్యాలో నీ ఒళ్లే చెబుతుంది" అన్నాడు.

రెండు మూడు పూటల్లోనే నా మోకాళ్లు నాకు తిరిగొచ్చాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ రోజుల్లో నాకంటే సుఖపడినవాడు లేడు. లిఫ్టు బాగుచేసి మెట్ల మీంచి దిగేవాణ్ణి, ఊరికే, సరదాకి. ఆకలి దంచేసేది. పనిలో విసుగు లేదు, రాత్రి నిద్ర లేదు, అయినా పొద్దున అలసట లేదు. మా మేస్త్రీ చూసి, "ఏంటయ్యా, మళ్లీ పెళ్లికొడుకువి అవుతున్నావా?" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి ముఖం పళ్లెంలా గుండ్రంగా అయింది. పొట్ట పెరిగింది, కాళ్లు మాత్రం సన్నబడ్డాయి. ఎక్కడ తగిలినా నల్లగా కమిలేది. కూర్చున్న కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆన్చాల్సి వచ్చేది. చిన్నదానికీ పెద్దదానికీ ఇంతెత్తున లేచేవాణ్ణి. ఇరుగుపొరుగు మాత్రం "ఒళ్లు చేశారు, బాగున్నారు" అనేవారు.

మా ఆవిడ అలా అనలేదు. తను చదివిన చదువు అలాంటిది. ఊరవతల పరిశోధన సంస్థలో కణాలు పెంచుతుంది. మనుషుల ఒంట్లోంచి ఎప్పుడో తీసిన కణాలట, మూత ఉన్న గుండ్రటి చిన్న డిష్‌లలో ఎర్రటి నీళ్లలాంటి ఆహారం తాగుతూ, వెచ్చటి బీరువాలో బతుకుతాయి. వాటికి జలుబు చెయ్యకూడదు, ఆకలి వెయ్యకూడదు, పక్కవాటితో ఇరుకవకూడదు. సెలవురోజున కూడా వెళ్లి చూసుకొస్తుంది. నాకు జ్వరమొస్తే అన్ని జాగ్రత్తలు ఉండవు.

"ఆకులు తింటే ముఖం ఇలా కాదండీ" అంది ఓ రోజు.

"నీకు అన్నిట్లోనూ అనుమానమే. నా మోకాళ్లు చూసి ఓర్వలేకపోతున్నావు."

తను ఇంకేమీ అనలేదు. అనలేదంటే వదిలేసిందని కాదు, పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు ఆ మాత్రం తెలుసు. ఓ పొట్లం మాయమైంది. వారం తిరక్కుండా ఓ సాయంత్రం ఫోన్ చేసి, "ఓసారి మా ల్యాబ్‌కి రండి, చూపించాలి" అంది. గొంతులో కోపం ఉంటే వెళ్లేవాణ్ణి కాదు. కోపం లేదు.

కాళ్లకి తొడుగులు, ఒంటికి తెల్లకోటు తొడిగి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. కంటికి ఆనించగానే చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తున్న మరకలు కనిపించాయి. మధ్యలో నల్లటి గుండ్రటి ఖాళీ, చుట్టూ పచ్చటి వెలుగు.

"ఒక్కో మరకా ఒక్కో కణం. ఆ మెరిసేది హార్మోన్‌ని అందుకునే రిసెప్టరు, కనబడాలని మేమే మెరిపించాం. పుస్తకాల్లో గ్రాహకం అంటారు. మధ్యలో నల్లగా ఉన్నది కేంద్రకం, జన్యువులన్నీ అందులో ఉంటాయి. స్టెరాయిడ్ హార్మోన్ లేనప్పుడు రిసెప్టరు బయటే ఉంటుంది."

"ఆఫీసరు గది బయట కూర్చున్న అటెండరులాగా."

"అలాగే అనుకోండి. చేతిలో కాగితం పడనంతవరకూ లోపలికి వెళ్లడు. వెళ్లకుండా ఇంకో ఇద్దరు పట్టుకుని కూర్చుంటారు. ఇప్పుడు ఇది చూడండి, ఇందులో మీ ఆకుల పొడి నీళ్లు ఒక చుక్క వేశాను."

రెండో డిష్‌లో అంతా తారుమారుగా ఉంది. వెలుగంతా మధ్యలోకి దూరిపోయింది. చుట్టూ చీకటి, నడుమ పచ్చటి దీపాలు.

"హార్మోన్ అందితేనే ఇలా లోపలికి పోతుంది. పోయి, కొన్ని జన్యువులని లేపుతుంది, కొన్నిటిని నోరు నొక్కి పడుకోబెడుతుంది. వాపు పుట్టించేవాటిని పడుకోబెట్టింది కాబట్టి మీ మోకాళ్లు బాగున్నాయి. మా కెమిస్ట్రీవాళ్ల చేత కూడా చూపించాను. అందులో ఆకులతోపాటు స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపారు. కొంచెం కాదు, దండిగా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒప్పుకోవడం మాత్రం అలవాటు లేదు.

"అయితే ఏమైంది? బలం వచ్చిందిగా?"

"వచ్చింది. కొన్ని రిసెప్టర్లు కేంద్రకంలోకి కాకుండా మైటోకాండ్రియాలోకి పోతాయి. కణానికి శక్తి తయారుచేసేవి అవి. వాటికీ సొంత జన్యువులు కొన్ని ఉన్నాయి. కొత్తల్లో ఈ రిసెప్టరు వెళ్లి వాటిని ఉరికిస్తుంది. మీరు మెట్లు గబగబా దిగింది అప్పుడే. రోజూ, ఎక్కువెక్కువగా పోస్తూ ఉంటే అవే డీలాపడతాయి. కండ కరుగుతుంది. మీ తొడలు చూసుకోండి."

చూసుకోలేదు. చూసుకోనక్కర్లేదు, పాంటు చెబుతూనే ఉంది.

అప్పుడు మూడో డిష్ పెట్టింది. పొడి నీళ్లు పోసి, ఆ తర్వాత తీసేసి, కొత్త ఆహారంతో మళ్లీ మళ్లీ కడిగి ఓ రోజు ఉంచిందట. వెలుగు మళ్లీ బయటికి వచ్చేసి, మధ్యలో నల్లటి ఖాళీ మిగిలింది. మొదటిదానికీ దీనికీ తేడా నాకు తెలియలేదు.

"చూశారా? కడిగేస్తే చాలు. ఏమీ జరగనట్టే ఉన్నాయి" అంది. ఆ మాట అంటున్నప్పుడు తన ముఖంలో ఎంత సంతోషమో. దొంగని పట్టుకోవడమే కాదు, పోయిన సొమ్ము కూడా దొరికినంత సంతోషం. నాకూ కొండంత ధైర్యం వచ్చింది.

ఇంటికి వెళ్లగానే పొట్లాలన్నీ సింకులో కుమ్మరించి కుళాయి విప్పింది. గోధుమరంగు నీళ్లు సుడి తిరిగి పోయాయి. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ, రేపు పెద్దాయన దగ్గరికి పోయి ఇంకో కట్ట తెచ్చుకోవచ్చులే అని లోలోపల అనుకున్న మాట నిజం. మర్నాడు పోతే గదికి తాళం. ఎవరో ఫిర్యాదు చేశారట, రాత్రికి రాత్రే ఎత్తేశాడట. నాలాంటివాళ్లు మరో నలుగురు ఆ తాళం వంక చూస్తూ నిలబడ్డారు. ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం, అన్నీ గుండ్రటి ముఖాలే.

తర్వాత రోజుల్లో కీళ్లు సలుపుతాయని అనుకున్నాను, సలిపాయి. దానికి సిద్ధంగానే ఉన్నాను. సిద్ధంగా లేనిది మిగతాది. తిన్నది లోపల నిలిచేది కాదు. పక్కమీంచి లేస్తే గది తిరిగేది. బుర్రలో దూది కూరినట్టు ఉండేది. మాట్లాడాలన్నా, మౌనంగా ఉండాలన్నా ఓపిక లేదు.

"అలవాటు పడ్డ ఒళ్లు కదండీ, మానితే కొన్నాళ్లు గోల చేస్తుంది. మనసు గట్టి చేసుకోండి" అనేది మా ఆవిడ.

"డాక్టరుకి చూపిద్దామా?"

"చూపిస్తే మళ్లీ అదే మందు రాస్తారు. పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అలా అని నాకు చెడు కోరిందా అంటే, లేదు. పొద్దున్నే నా కాళ్లకి నూనె రాసి, అప్పుడు ఉద్యోగానికి వెళ్లేది. ఇంట్లో పడుకుంటే మనసు గట్టిపడటం లేదని అంటుంది, పనికి పోతే కాళ్లు ఆడవు. చివరికి రోషం గెలిచి, పనికే పోయాను.

పాత ఆఫీసు భవనం. లిఫ్టు నాలుగో అంతస్తు దాటుతున్నప్పుడు కుదుపు ఇస్తోందని ఫిర్యాదు. కింద వాచ్‌మన్, మేమంతా నిద్ర బాబాయి అంటాం, కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. ఆయన్ని లేపి, ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దని చెప్పి పైకి వెళ్లాను.

ఇలాంటి పనికి క్యాబిన్ లోపల కాదు, క్యాబిన్ పైకప్పు మీద నిలబడి మెల్లగా నడుపుకుంటూ పట్టాలు చూసుకోవాలి. పైకప్పు మీద ఒక స్విచ్ ఉంటుంది. అది తిప్పామంటే ఇక లిఫ్టు పైవాడి మాట తప్ప ఎవరి మాటా వినదు. కింద ఎన్ని బటన్లు నొక్కినా కదలదు. మనం పైన ఉండగా ఎవరో నొక్కి మనల్ని నలిపెయ్యకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. దాన్ని నమ్ముకునే ఇన్నేళ్లు బతికాను.

మూడో అంతస్తు దాటి కాస్త పైకి పోనిచ్చి ఆపాను. పట్టా మీద చెయ్యి వేసి వంగాను. మళ్లీ లేవలేకపోయాను.

నొప్పి కాదు. నొప్పయితే అరిచేవాణ్ణి. ఒంట్లోంచి ఎవరో తాడు లాగేసినట్టు కూలబడ్డాను. చెమటలు, చలి. కడుపులో ఏమీ లేకపోయినా వాంతి. పై అంతస్తు తలుపు నా తలకి కాస్త ఎత్తులో ఉంది. లోపలి వైపు నుంచి ఒక చిన్న మీట ఎత్తితే తెరుచుకుంటుంది. రోజుకి ఇరవై సార్లు చేసే పని. చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగింది. నడిపే బటను కాలి దగ్గర వేలాడుతోంది, వేళ్లు దాన్ని నొక్కలేకపోయాయి. బయటి నుంచి తలుపు తీసే తాళంచెవి నా జేబులో ఉంది. బయట ఉన్నవాడి దగ్గర లేదు.

కంగారుపడకు, గాలి ఆడుతుంది, లిఫ్టు పడిపోదు. నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క మాటా పనిచెయ్యలేదు. ఇన్నేళ్లుగా ఇంత చప్పటి మాటలు చెప్పి జనాన్ని ఊరుకోబెట్టానా అని సిగ్గేసింది. చుట్టూ ఇటుక గోడ, గ్రీజు వాసన, పైన పొడుగ్గా చీకటి. ఏ రకమో అప్పుడు తెలిసింది. నేను ఏడ్చే రకం.

ఎలాగో ఫోను తీసి మా ఆవిడకి చేశాను. కణాల గదిలో ఉంటే తను ఫోను ముట్టుకోదు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తింది.

"పనిలో ఉన్నానండీ, ఏంటి?"

"లేవలేకపోతున్నా."

"ఎక్కడున్నారు? మాట ముద్దగా వస్తోందేంటి? వాంతులయ్యాయా? లేస్తే కళ్లు తిరుగుతున్నాయా?"

పాత ఆఫీసు లిఫ్టు మీద అని గొణిగి, మిగతా అన్నిటికీ ఊ అన్నాను. ఏదో తట్టినట్టు "అయ్యో, అయ్యో" అని రెండు మాటలు, నాతో కాదు, తనతో తనే అనుకుంది. "ఫోను పెట్టెయ్యకండి, వస్తున్నా."

ఎంతసేపటికో తలుపుకి అవతల అడుగుల చప్పుడు. నిద్ర బాబాయి తలుపు బాదుతున్నాడు.

"అన్నా! తాళంచెవి ఎక్కడుంది అన్నా?"

నా జేబులో ఉంది బాబాయ్ అందామనుకున్నాను. గొంతు రాలేదు. ఆ పక్కనే మా ఆవిడ గొంతు. ఇంత మందం రేకు తలుపు మా ఇద్దరి మధ్య.

"ఏవండీ, వినిపిస్తోందా? మేస్త్రీగారు బయల్దేరారు, ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. కళ్లు మూసుకోకండి. నన్ను తిట్టండి. ఏదో ఒకటి తిట్టండి!"

తిట్టడానికి ఓపిక లేని రోజంటూ నా జీవితంలో అదొక్కటే.

మేస్త్రీ వచ్చి తలుపు తీశాడు. వెలుగు కళ్లలో గుచ్చుకుంది. నలుగురు పట్టి లాగి వరండాలో పడుకోబెట్టారు. అంబులెన్సులో వచ్చిన కుర్ర డాక్టరమ్మ నాడి చూసి, రక్తపోటు చూసి, "ఎండదెబ్బా? తిండి తినలేదా?" అని అడుగుతోంది. సెలైను ఎక్కిస్తే సరిపోతుందని అంటున్నారెవరో.

మా ఆవిడ అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. మేస్త్రీ ఉన్నాడు, ఆఫీసువాళ్లు గుమిగూడి ఉన్నారు, తను ఎవరినీ చూడలేదు.

"ఎండదెబ్బ కాదు. ఏడాదికి పైగా స్టెరాయిడ్ పడింది ఈయనకి. ఒక్కసారిగా ఆపేశాం. మేము కాదు, నేను. నేనే ఆపించాను. నా పని ఆ రిసెప్టరు మీదే. ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వండి, మిగతావి తర్వాత అడగండి."

పెద్ద చదువు చదివిన మనిషి నోట ఆ మాట వినడం నాకు సూది కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఇంతమందిలో తను అలా తల దించుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. తన వల్లే ఇలా అయిందన్న కోపంలోనూ, ఆ ఒక్క క్షణం, లేచి తన ముందు అడ్డంగా నిలబడాలనిపించింది.

ఇంజెక్షన్ పడ్డాక ఆసుపత్రి మంచం మీద సాయంత్రానికి మనిషినయ్యాను. పెద్ద డాక్టరమ్మ వచ్చి కూర్చుని చెప్పింది. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయట. ఈ హార్మోన్‌ని ఒంటికి కావలసినంత చేసేవి అవే. చెయ్యమని హుకుం ఇచ్చేది మెదడు. బయటి నుంచి పొట్లాలుగా కుమ్మరిస్తుంటే మెదడు, ఇంక అక్కర్లేదు అనుకుని హుకుం మానేస్తుంది. పని లేని గ్రంథులు ముడుచుకుని నిద్రపోతాయి. పొట్లం ఆగిన రోజున బయటిదీ లేదు, లోపలిదీ లేదు.

"మెదడులో ఆ సంగతి కనిపెట్టేది కూడా ఇదే రిసెప్టరు" అంది మా ఆవిడ గోడకి ఆనుకుని. "నాకు తెలుసు. పిల్లలకి పాఠం చెప్పాను కూడా. కానీ నా డిష్‌లో మెదడు లేదండీ, గ్రంథి లేదు. కడిగితే పోయింది. ఈయన్నీ కడిగేశాను."

డాక్టరమ్మ చీటీ తీసి రాస్తూ, "రేపట్నించి అదే మందు మాత్రగా ఇస్తాను. గోరంత గోరంత తగ్గించుకుంటూ పోవాలి. ఒక్క పూట కూడా మీ అంతట మీరు మానకూడదు" అంది.

"ఎన్నాళ్లు?"

"గ్రంథి లేచేదాకా."

"లేవకపోతే?"

"కొందరికి లేవదు. అప్పుడు జన్మంతా వేసుకోవాలి."

అదీ నా బతుకు. మందు మింగితే ఉన్న కండ కరుగుతుంది, మానితే ప్రాణం పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కంపెనీ నన్ను లిఫ్టు మీదికి ఎక్కనివ్వడం లేదు. ఆఫీసులో కింద గదిలో ఫోను ముందు కూర్చోబెట్టింది. ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తారు. పాత పాట నోటికి రాదు. "నేనూ ఇరుక్కున్నాను, చాలా భయమేస్తుంది, మాట్లాడుతూ ఉండండి" అంటాను. ఎందుకో వాళ్లు అది వినే నిమ్మళిస్తారు.

నిన్న గ్రంథి లేచిందో లేదో చూడటానికి రక్తం ఇచ్చాను. ఆ పొద్దున రక్తం తీసేదాకా మాత్ర వెయ్యకూడదు. క్యూలో నా వెనకే నిలబడి, మాత్ర చేతిలో పట్టుకుని, నా ముఖమే చూస్తూ నిలబడింది మా ఆవిడ. ఇవాళ పొద్దున్నే ఫలితం వచ్చింది. నెలల తరబడి గోరంత గోరంత తగ్గించుకుంటూ వచ్చినా, గ్రంథి కళ్లయినా తెరవలేదు.

తను ఎప్పటిలాగే మాత్ర తెచ్చి అరచెయ్యి చాపింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"తీసుకుపో అవతలికి! నీ ఇష్టమొచ్చినప్పుడు పొయ్యడం, నీ ఇష్టమొచ్చినప్పుడు కడగడం. నేనూ నీ డిష్‌లో కణాన్ననుకున్నావా?"

వరండాలో అంతమంది ముందు ఏడవని మనిషి, ఆసుపత్రిలో ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"డిష్‌లో కణమైతే ఎప్పుడో పారేసి ఇంకోటి పెట్టుకునేదాన్ని" అంది. "మీకు ఇంకో డిష్ లేదండీ నా దగ్గర. నోరు తెరవండి."

తెరిచాను. నాలుక మీద పెట్టింది. కళ్లు తుడుచుకుంటూ చూసుకుంటే నీళ్లు తేవడం మర్చిపోయింది. గబగబా వంటింట్లోకి పరుగెత్తింది. మాత్ర కరుగుతోంది, కటిక చేదు. మింగలేక, ఉమ్మెయ్యలేక, తను వచ్చేదాకా అలా నోరు మూసుకుని కూర్చున్నాను.